తాత దగ్గరికి పోతున్న కారు

1998 జనవరి 31న జపాన్‌లో ఒకే టికెట్టు మీద రెండు దెయ్యాల సినిమాలు చూపించారు. మొదటిది ‘రింగ్’. రెండోది దాని కొనసాగింపు ‘రాసెన్’. రెండోదాన్ని జనం ఎంతగా తిప్పికొట్టారంటే, మరుసటి ఏడాది నిర్మాతలు అసలు అలాంటి సినిమా ఒకటి తీయనట్టే నటించి ‘రింగ్ 2’ తెచ్చారు. మొదటి సినిమాకు పట్టిన అదృష్టం వేరు. కొరియాలో 1999లో, హాలీవుడ్‌లో 2002లో మళ్లీ తీశారు. తెల్ల బట్టలతో, మొహం మీద పరుచుకున్న జుట్టుతో టీవీలోంచి పాక్కుంటూ బయటికొచ్చే సడాకోను సినిమా చూడనివాళ్లు కూడా గుర్తుపడతారు.

అయితే ఆ సినిమాను నిజంగా భయంకరం చేసేది టీవీ దృశ్యం కాదు. దాని తర్వాత వచ్చే రెండు మూడు నిమిషాలు. అందులో దెయ్యం లేదు, అరుపు లేదు, రక్తపు చుక్క లేదు.

కథ ఇది. ఒక వీడియో క్యాసెట్టు ఉంటుంది. అది చూసినవాళ్లకు వెంటనే ఫోను మోగుతుంది. సరిగ్గా ఏడు రోజులకు ప్రాణం పోతుంది. విలేఖరి రేయికో ఆ క్యాసెట్టు చూస్తుంది. ఆమె చిన్న కొడుకూ చూసేస్తాడు. ఏడో రోజు దాటినా తాను బతికే ఉంది, మాజీ భర్త మాత్రం పోయాడు. అతడు చేయనిది తాను చేసినది ఏమిటి? క్యాసెట్టుకు నకలు తీసి ఇంకొకరికి చూపించింది, అంతే. సంగతి అర్థం కాగానే వీసీఆర్‌ను కార్లో పడేసి, తండ్రికి ఫోను చేసి, నాన్నా, నీ మనవడి కోసం ఒక పని చేసిపెట్టాలి అంటుంది. కారు రోడ్డెక్కుతుంది. సినిమా అయిపోతుంది.

హాల్లో కూర్చున్నంతసేపూ అమ్మయ్య, పిల్లాడు గట్టెక్కుతాడు అనిపిస్తుంది. ఇంటికొచ్చాక మొదలవుతుంది లెక్క. మరి తాత? తాత దాన్ని ఎవరికి చూపిస్తాడు? వాళ్లు ఎవరికి? కన్నతల్లి చేసిన పనిని తప్పనడానికి నోరు రాదు, ఒప్పనడానికి మనసొప్పదు. దర్శకుడు హిదెయో నకాతా ప్రేక్షకుణ్ణి సరిగ్గా ఈ మూలకు నెట్టి తలుపు వేసేశాడు.

ఈ ఇరకాటం తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. సంతోషిమాత పేరిటో, వేంకటేశ్వరస్వామి పేరిటో ఇంటికి కార్డొచ్చేది. ఇలాంటివే ఇన్ని రాసి పంపినవాడికి లాటరీ తగిలిందని, చించేసినవాడికి కీడు జరిగిందని అందులో ఉండేది. నమ్మకం లేకపోయినా, ఎందుకొచ్చిన గొడవని కార్డులు కొని రాసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉండేవారు. జపాన్‌లోనూ 1970 ప్రాంతంలో ఇలాంటి ‘కీడు ఉత్తరాలు’ ఊళ్లను ఊపేశాయి. అక్కడ దేవుడి ఊసు కూడా లేదు, ఒట్టి బెదిరింపే. ‘రింగ్’లోని శాపానికి ఆ ఉత్తరానికి ఉన్న చుట్టరికం దాచినా దాగదు. కోజి సుజుకి 1991లో రాసిన మూలనవలలో విలేఖరి మగవాడు. సినిమా ఆ పాత్రను ఒంటరి తల్లిగా మార్చింది. ఆ ఒక్క మార్పుతో చివరి ప్రయాణం బరువు పదింతలైంది.

తవ్వేకొద్దీ ఇంకా కలవరపెట్టేది సడాకో పుట్టుక. సినిమాలో ఆమె తల్లి షిజుకోకు దివ్యదృష్టి ఉంటుంది. ఒక ఆచార్యుడు ఆమెను పత్రికలవాళ్ల ముందు నిలబెట్టి పరీక్ష పెడతాడు. మోసం, మోసం అని వాళ్లు అరుస్తారు. ఆమె మిహారా అగ్నిపర్వతంలోకి దూకుతుంది. నలుపు తెలుపులో కాసేపే కనిపించే ఈ ఘట్టం పూర్తి కల్పన కాదు.

కుమమొతో ప్రాంతంలో 1886లో మిఫునే చిజుకో అనే అమ్మాయి పుట్టింది. బావ ఆమెకు వశీకరణ నిద్ర పట్టించి, ఈమెకు మూసిన పెట్టెలో ఉన్నది కనిపిస్తుందని చాటాడు. ఆ మాట టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఫుకురాయ్ తొమోకిచి దాకా పోయింది. 1910 సెప్టెంబరులో ఆమెను టోక్యోకు రప్పించి పండితుల ముందు కూర్చోబెట్టారు. భౌతికశాస్త్రవేత్త యమకావా కెంజిరో అక్షరాలు రాసిన కాగితాలను సీసపు గొట్టాల్లో పెట్టి మూయించి తెచ్చాడు. ఆమె ఒకటి చదివింది, చదివింది నిజమే. తీరా చూస్తే ఆ గొట్టం యమకావా తెచ్చినది కాదు, ఫుకురాయ్ సాధన కోసం ఇచ్చినది. పరీక్ష వేళ ఆమె అందరికీ వీపు పెట్టి కూర్చోవడం మీద అప్పటికే గుసగుసలున్నాయి. ఇక పత్రికలు వదల్లేదు. 1911 జనవరిలో చిజుకో విషం తాగింది. అప్పటికి ఆమె వయసు 24.

ఆ మరుసటి నెలలోనే నాగావ్ ఇకుకో జబ్బుచేసి పోయింది. ఫొటో ప్లేటు మీద మనసుతో అక్షరాలు పడేలా చేస్తుందని ఫుకురాయ్ నమ్మిన స్త్రీ ఆమె. ఇద్దరు పోయినా ఆయన ఆగలేదు. మూడో స్త్రీని వెతికి పట్టుకుని, 1913లో ఆ ప్రయోగాలన్నీ పుస్తకంగా వేసి, చివరికి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ మూడో స్త్రీ పేరు తకహాషి సడాకో.

చిజుకో మోసం చేసిందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. గదినిండా కోట్లు తొడుక్కున్న మగవాళ్లు, మధ్యలో పల్లెటూరి నుంచి వచ్చిన అమ్మాయి. పరీక్ష పెట్టినవాళ్లు, రాసినవాళ్లు తర్వాత హాయిగా ఇళ్లకు పోయారు. ఇది తెలిశాక సినిమా మళ్లీ చూస్తే, టీవీలోంచి వచ్చేదాని మీద భయంతోపాటు జాలి కూడా పుడుతుంది. అదింకా ఇబ్బంది.

సడాకో వేషం మాత్రం జపాన్‌లో ‘ఎదో’ అనే పాత యుగం నాటిది. నాలుగో త్సురుయా నాంబొకు రాసిన యొత్సుయా దెయ్యం నాటకం 1825లో తొలిసారి ఆడింది. మొగుడు మోసం చేయగా, విషం వల్ల ముఖం చెడి, దువ్వుతుంటే జుట్టు కుచ్చులుగా ఊడి చచ్చిపోయిన ఓయివా దానిలో దెయ్యం. తర్వాతి ప్రదర్శనల్లో ఆమె కాలుతున్న కాగితపు లాంతరులోంచి బయటికొచ్చేది. లాంతరు స్థానంలో టీవీ పెట్టి చూస్తే సరి. ఆ నాటకం వేసేముందు నటులు టోక్యోలోని ఓయివా గుడికి వెళ్లి మొక్కుకోవడం నేటికీ ఆచారమే. సినిమాలో సడాకో పైకెక్కివచ్చే బావి మరో కథది. పళ్లేల లెక్క తప్పిందన్న నిందతో ప్రాణం పోగొట్టుకుని, బావిలోంచి రాత్రిపూట ఒకటి నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టే పనిమనిషి ఓకికుది. హిమేజి కోటలో ఆమె పేరిట బావి ఇప్పటికీ ఉంది.

కథ అయ్యాకే అసలు భయం అన్న ఊహ కూడా అక్కడ పాతదే. ఎదో కాలంలో నలుగురూ చేరి నూరు వత్తుల దీపం పెట్టుకుని, ఒక్కో దెయ్యం కథకు ఒక్కో వత్తి ఆర్పేవారు. నూరోది ఆరితే నిజం దెయ్యం వస్తుందట. అందుకని తొంభై తొమ్మిదితో ఆపి, తెల్లారేదాకా కూర్చునేవారు.

ఇంత పాత సరుకును కొత్తగా చూపించడం తేలిక కాదు. నకాతా అంతకుముందు 1996లో, ‘రింగ్’ స్క్రీన్‌ప్లే రాసిన హిరోషి తకహాషితోనే ఒక దెయ్యం సినిమా చేశాడు. అందులో దెయ్యం ముఖం స్పష్టంగా కనబడి భయం తేలిపోయింది. ఆ పాఠం వంటబట్టి, ‘రింగ్’లో సడాకో ముఖం చూపనేలేదు. జుట్టు సందున ఒక్క కన్ను, అంతే. ఆ కన్ను కూడా నటిది కాదు, రెప్పవెంట్రుకలు తీసేసుకున్న ఒక మగవాడిది. నటి చేత వెనక్కి నడిపించి, ఆ షాటును తిరగేసి వేశారు. అడుగు ముందుకే పడుతుంది, ఒళ్లు మాత్రం ఎటో లాగుతున్నట్టు ఉంటుంది. చూసేవాడికి తేడా తెలుస్తుంది, తేడా ఏమిటో తెలియదు.

ఇక మిగిలిన పని క్యాసెట్టు చేసింది. జపాన్ బయట చాలామంది ‘రింగ్’ను థియేటర్లో కాదు, చేతులు మారిన వీడియో క్యాసెట్ల మీద చూశారు. నకలుకు నకలు, గీతలు పడిన బొమ్మ, ఇంట్లో అదే టీవీ, పక్కనే ఫోను. చూసినవాడు మర్నాడు స్నేహితుడికిచ్చి, నువ్వూ చూడు అనేవాడు. సినిమాలో రేయికో చేసిన పనీ అదే.

2016 జూన్‌లో సడాకోకూ మరో సినిమా దెయ్యం కయాకోకూ పోటీపెట్టి ఒక సినిమా తీశారు. అందులో శాపం గడువు ఏడు రోజుల నుంచి రెండుకు తగ్గింది. క్యాసెట్టులోని బొమ్మను ఒకమ్మాయి ఇంటర్నెట్‌లోకి ఎక్కించేస్తుంది. ఎవరూ జడుసుకోలేదు. ఆ మరుసటి నెల, 2016 జూలైలో, వీసీఆర్లు చేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్ ఎలక్ట్రిక్, వాటి తయారీ ఆపేసింది.