సుగర్రముర్ది మంత్రగత్తెలు: రుజువు అడిగిన విచారణాధికారి

సుగర్రముర్ది స్పెయిన్ ఉత్తరాన, నవార్రా ప్రాంతంలోని చిన్న బాస్క్ పల్లె. పిరనీస్ కొండల అంచున, ఫ్రాన్సు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది. 17వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడి జనం పశువులను మేపుకుంటూ, కొద్దిపాటి సేద్యం చేసుకుంటూ, పక్కనే ఉన్న ఉర్దాక్స్ మఠం ఏలుబడిలో బతికేవారు. వాళ్లది బాస్క్ భాష. స్పానిష్ తెలిసినవాళ్లు ఊళ్లో బహు కొద్దిమంది. పైరు పాడైనా, ఆవు చచ్చినా, పసిబిడ్డ నిద్రలో కన్నుమూసినా ఎవరో చేతబడి చేశారని అనుమానించడం అక్కడ తరతరాల అలవాటు. 1608 నుంచి 1614 వరకు ఆ అనుమానం ఒక పల్లెలో రాజుకుని ప్రాంతమంతా అంటుకుంది. దాన్ని ఆర్పినవాడు ఆ ఊరివాడు కాదు, ఆ భాష తెలిసినవాడూ కాదు. మతద్రోహులను శిక్షించే ఇంక్విజిషన్ న్యాయస్థానంలోనే విచారణాధికారి అయిన అలోన్సో దె సలసార్ ఫ్రియాస్.

1608 చివర్లో మరియా దె షిమిల్దెగి అనే 20 ఏళ్ల యువతి ఫ్రాన్సు వైపున్న సిబూర్ పట్టణం నుంచి సుగర్రముర్దికి తిరిగి వచ్చింది. అక్కడ తాను మంత్రగత్తెల కూటంలో చేరి, తర్వాత పశ్చాత్తాపపడి బయటపడ్డానని చెప్పింది. సుగర్రముర్దిలోనూ అలాంటి కూటమే జరుగుతుందని, అందులో ఫలానావాళ్లను చూశానని పేర్లు బయటపెట్టింది. ఆమె వేలెత్తి చూపిన మరియా దె హురెతెగియా మొదట కాదని వాదించింది. ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ నమ్మకపోవడంతో చివరికి ఒప్పుకుని, తన పిన్నమ్మ పేరు చెప్పింది. ఆపైన జనం అనుమానితుల ఇళ్లలో చొరబడి, మంత్రగత్తెలు పెంచుతారని నమ్మే కప్పల కోసం మూలమూలా వెతికారు. బెదిరింపులకు తాళలేక మరికొందరు నేరం ఒప్పుకున్నారు. వాళ్లంతా చర్చిలో ఊరివాళ్ల ముందు క్షమాపణ అడిగారు, ఊరు క్షమించింది. ఆ పల్లె మట్టుకు తగవు అక్కడితో తీరిపోయింది.

కానీ ఈ సంగతి లోగ్రోన్యో పట్టణంలోని ఇంక్విజిషన్ చెవిన పడింది. 1609 జనవరిలో నలుగురు స్త్రీలను అక్కడికి తరలించారు. తమ చేత బలవంతాన ఒప్పించారని చెప్పుకోవడానికి మరి ఆరుగురు తమంతట తామే లోగ్రోన్యోకు వెళ్లారు. న్యాయం కోసం వెళ్లిన వాళ్లనూ జైల్లో పెట్టారు. బెసెర్రా, వాయే అనే ఇద్దరు విచారణాధికారులు ఈ కథలను పూర్తిగా నమ్మారు. ఖైదీలు మళ్లీ నేరం ఒప్పుకున్నారు, కొత్త పేర్లు చెప్పారు. జైల్లో ప్రబలిన జబ్బులకు తీర్పు రాకముందే కొందరు చనిపోయారు. అదే 1609లో సరిహద్దు అవతల, ఫ్రాన్సులోని లబూర్ ప్రాంతంలో, పియేర్ ద లాంక్ర్ అనే న్యాయమూర్తి మంత్రగత్తెలన్న ముద్ర వేసి పదుల మందిని చంపించాడు. అక్కడి నుంచి పారిపోయి వచ్చినవాళ్ల వెంటే ఆ భయం కూడా కొండలు దాటింది.

సలసార్ 1609 జూన్‌లో లోగ్రోన్యోలో మూడో విచారణాధికారిగా చేరాడు. 1564లో బుర్గోస్‌లో పుట్టి, చర్చి న్యాయశాస్త్రం చదివినవాడు. తీర్పుల సమయంలో ఒక స్త్రీ విషయంలో సాక్ష్యం చాలదని అభ్యంతరం చెప్పాడు. మిగతా ఇద్దరి మాటే నెగ్గింది. 1610 నవంబరు 7, 8 తేదీల్లో లోగ్రోన్యోలో వేలాది జనం ముందు శిక్షలు అమలయ్యాయి. ఆరుగురిని సజీవంగా కాల్చారు. జైల్లోనే చనిపోయిన మరో ఐదుగురి బొమ్మలను, అస్థికలను మంటల్లో వేశారు. కూటాల వర్ణనలతో నిండిన ఒక చిన్న పుస్తకాన్ని స్థానిక ముద్రాపకుడు వెంటనే అచ్చువేశాడు.

శిక్షలతో భయం చల్లారకపోగా మరింత పెరిగింది. మంత్రగత్తెల గురించి హెచ్చరించడానికి మత ప్రబోధకులు ఊరూరా తిరిగారు. వాళ్లు చెప్పిన వివరాలన్నీ పిల్లల కలల్లోకి వచ్చాయి. రాత్రి నిద్రలో తమను ఫలానా ముసలమ్మ కూటానికి ఎత్తుకుపోయిందని వందల మంది పిల్లలు చెప్పసాగారు. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు పిల్లలను పాదిరీ ఇంట్లో ఒకచోట చేర్చి, తెల్లవార్లూ నిద్రపోకుండా కాపలా కాశారు. పిల్లలు పేరు చెప్పిన వాళ్ల మీద ఊరు విరుచుకుపడింది. కట్టేసి కొట్టడం, చలిలో నీళ్లలో ముంచడం, ఇళ్ల మీద రాళ్లు రువ్వడం మామూలైపోయాయి. ఒప్పుకుంటేనే దెబ్బలు ఆగుతాయి. ఒప్పుకున్నవాళ్లు తోడుగా ఉన్నవాళ్ల పేర్లు చెప్పాలి. అలా ప్రతి ఒప్పుకోలూ మరికొన్ని ఇళ్లకు దారి చూపింది. పాంప్లోనా బిషప్ వెనెగాస్ సొంతంగా విచారణ జరిపించి, ఇదంతా భయం వల్లా ఒత్తిడి వల్లా పుట్టిందని మాడ్రిడ్‌కు తెలియజేశాడు. పెద్రో దె వాలెన్సియా అనే పండితుడు 1611లో రాసిన వ్యాసంలో దాదాపు అదే మాట అన్నాడు.

దాంతో ఇంక్విజిషన్ పై మండలి ఒక క్షమాభిక్ష ప్రకటన వెలువరించింది. గడువులోగా వచ్చి ఒప్పుకున్నవాళ్లకు శిక్ష ఉండదు, ఆస్తి జప్తు ఉండదు. ఆ ప్రకటనతో సలసార్ 1611 మే 22న బయలుదేరి, దాదాపు ఎనిమిది నెలల పాటు కొండ పల్లెల్లో తిరిగాడు. భాష తెలియదు కనుక దుబాసీలను వెంట పెట్టుకున్నాడు. మొత్తం 1,802 మంది అతని ముందుకు వచ్చారు. వారిలో 1,384 మంది పిల్లలే: 14 ఏళ్లలోపు మగపిల్లలు, 12 ఏళ్లలోపు ఆడపిల్లలు. పెద్దవాళ్లలో 81 మంది తాము గతంలో ఒప్పుకున్నదంతా అబద్ధమని చెప్పారు. అప్పటిదాకా ఒప్పుకోలును వెనక్కి తీసుకోవడమంటే మంటను కొని తెచ్చుకోవడమే. సలసార్ వాళ్ల మాటను శిక్ష లేకుండా నమోదు చేయడం వల్లే ఆ నిజాలు బయటికి వచ్చాయి.

అతను కేవలం మాటలు విని ఊరుకోలేదు. కూటం ఎక్కడ జరిగిందో, ఏ దారిన వెళ్లారో, ఎలా తిరిగొచ్చారో సాక్షులను విడివిడిగా అడిగించి, జవాబులను పోల్చి చూశాడు. అవి ఒకదానికొకటి పొసగలేదు. సెయింట్ జాన్ పండుగ ముందు రాత్రి ఒకచోట కూటం జరిగిందని కొందరు చెప్పారు. సరిగ్గా అదే రాత్రి అదే చోట సలసార్ గుమాస్తాలు ఇద్దరు ఉన్నారు. వాళ్లకు అక్కడ ఏమీ కనిపించలేదు. సైతానుతో కలిశామని చెప్పిన ఆడపిల్లలను అనుభవజ్ఞులైన స్త్రీలు పరీక్షించి, వాళ్లు కన్యలేనని తేల్చారు. మంత్రపు లేపనాలని చెప్పి ఊళ్లవాళ్లు అప్పగించిన 22 కుండలను వైద్యులకు చూపించి, అందులోని పదార్థాన్ని జంతువులకు తినిపించారు. వాటికి ఏమీ కాలేదు. బలవంతం చేస్తే దొరికిన సరుకులతో కలిపి తయారుచేసిన ఉత్త పూతలవి.

ఈ పరిశీలన నుంచి సలసార్ ఒక సూత్రానికి వచ్చాడు. ఎవరెంత చెప్పినా, ఎంతమంది చెప్పినా, బయటి రుజువు ఒక్కటైనా లేనిదే ఆ మాట ఆధారంగా ఎవరినీ అరెస్టు చేయకూడదు. సైతాను లేడని అతను అనలేదు. అతను తన కాలపు క్రైస్తవుడే. ఈ ఫలానా పని నిజంగా జరిగిందా అన్నదే అతని ప్రశ్న. మంత్రగత్తెల గురించి మాట్లాడటం, రాయడం మొదలయ్యాకే ఈ ప్రాంతంలో వాళ్లు పుట్టుకొచ్చారని 1612 నాటి నివేదికలో తేల్చాడు. సహచరులిద్దరూ తీవ్రంగా విభేదించారు. వాదప్రతివాదాలు రెండేళ్లకు పైగా సాగాయి. 1610 నాటి తీర్పుల్లో తన వంతు తప్పును కూడా సలసార్ దాచలేదు.

1614 ఆగస్టు 29న పై మండలి కొత్త నిబంధనలు జారీచేసింది. వాటిలో చాలా భాగం సలసార్ సూచనలే. పశువులు, పిల్లలు చనిపోయినప్పుడు, పైర్లు పాడైనప్పుడు సహజ కారణాలు ఉన్నాయేమో ముందు విచారించాలి. ఒప్పుకోలును ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అనుమానితులను హింసించే ఊరివాళ్ల మీద చర్య తీసుకోవాలి. లోగ్రోన్యోలో శిక్షపడిన వాళ్ల అవమాన వస్త్రాలను చర్చిల్లో వేలాడదీయకూడదు. ఈ చివరి మాట చనిపోయినవాళ్లను తిరిగి తేలేదు గానీ, వారి వంశం మీద పడే మచ్చను తప్పించింది.

నిబంధనలు వెంటనే పరీక్షకు నిలిచాయి. 1616లో సమీపంలోని విస్కాయాలో పౌర న్యాయస్థానం ఇలాంటి కేసులే వందల మంది మీద మోపింది. ఆ వ్యవహారం ఇంక్విజిషన్ చేతికి వచ్చాక సలసార్ దాన్ని ప్రాణనష్టం లేకుండా ముగించాడు. అయితే ఈ నిబంధనలు ఇంక్విజిషన్‌కే పరిమితం. అదే కాలంలో కాటలోనియాలో స్థానిక న్యాయస్థానాలు మంత్రగత్తెలని ఎందరినో ఉరితీశాయి. 1620ల చివర్లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్, బాంబెర్గ్ నగరాల్లో వందల మంది బలయ్యారు. ఇంక్విజిషన్ కూడా ఇతర మతాల మూలాలున్న వాళ్లను వేధించడం మానలేదు. సలసార్ ఆ సంస్థలోనే ఎదిగి పై మండలి సభ్యుడై, 1636లో మరణించాడు.

అతని నివేదికలు మాడ్రిడ్ దస్తావేజుల్లో దాదాపు మూడు శతాబ్దాలు మరుగున పడి ఉన్నాయి. 20వ శతాబ్దం ఆరంభంలో అమెరికన్ చరిత్రకారుడు హెన్రీ చార్లెస్ లీ వాటి విలువను లోకానికి చెప్పాడు. 1980లో డెన్మార్క్ పండితుడు గుస్తావ్ హెనింగ్సెన్ వాటి ఆధారంగా సమగ్ర గ్రంథం వెలువరించాడు. సుగర్రముర్దిలో 2007 నుంచి ఒక మ్యూజియం ఈ చరిత్రను చెబుతోంది. బాస్క్ పల్లెల్లో మంత్రగత్తెల మీద నమ్మకం 1614తో పోలేదు. తరాల పాటు నిలిచింది. పోయింది ఆ నమ్మకానికి మనుషులను బలిచ్చే అధికారం. జనం మనసులు మారేదాకా ఎదురుచూడకుండా, రుజువు చూపనిదే శిక్ష లేదన్న నియమం పెట్టడంతోనే ఆ ప్రాణాలు నిలిచాయి.