నేలమీద కూర్చోనిచ్చిన కాలు

మన డెల్టాలో మనిషి బ్రతుకంతా నేలమీదే సాగుతుంది. దమ్ము చేసిన మడిలో దిగాలి, గట్టుమీద గొంతుక్కూర్చోవాలి, ఇంట్లో బాసింపట్టు వేసుకుని అన్నం తినాలి. ముస్లిం సోదరులకైతే అయిదు పూటలా రుకూ, సిజ్దా ఉన్నాయి. ప్రమాదంలో కాలు పోయినవాడికి ఇవన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి.

1968కి ముందు దొరికిన కృత్రిమ పాదాలు ఎక్కువగా పాశ్చాత్యుల తరహావి. చీలమండ కదలదు, పైన బూటు తొడగాల్సిందే. బూటు విప్పకుండా మసీదులోకి ఎలా వెళతాం, బురదలోకి ఎలా దిగుతాం? అది కుర్చీలో కూర్చునేవాడి కోసం చేసిన కాలు. అందుకే చాలామంది దాన్ని మూలన పడేసి మళ్ళీ చంకకర్రే పట్టుకున్నారు.

ఈ సంగతి కనిపెట్టినవారు జైపూరు సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలోని డాక్టర్ పి.కె. సేథీ, రామచంద్ర శర్మ. సేథీగారు పెద్ద సర్జను. రామచంద్ర అంతగా చదువుకోని పనివాడు, అందరికీ మాస్టర్‌జీ. 1981లో మెగసెసే అవార్డు డాక్టరుగారికి వచ్చింది; పాదానికి రూపం వచ్చింది మాత్రం మాస్టర్‌జీ చేతిలోనే. లోపల స్పాంజి రబ్బరు, చెక్క పెట్టి, పైన గట్టి రబ్బరు తొడిగి అచ్చులో ఉడికించారు. వేళ్ళతో సహా అసలు పాదంలాగే ఉంటుంది, అటూ ఇటూ వంగుతుంది, నీళ్ళలో తడిసినా పాడవదు. పైకాలును మొదట్లో అల్యూమినియం రేకు సాగగొట్టి చేసేవారు. తరువాత పొలాలకు నీరు పెట్టే ప్లాస్టిక్ గొట్టంలాంటి దానితోనే చేశారు! 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దీన్ని ఉచితంగా అమర్చసాగింది. అఫ్ఘనిస్తాన్‌లో మందుపాతరలకు కాళ్ళు పోయినవారికీ ఇదే అందింది.

అయితే కాలు తగిలించి పంపేస్తే సరిపోదు. శిబిరంలో ఫోటోలు దిగి వెళ్ళిపోయే పెద్దలు ఈ మాట వినాలి. రాత్రి కాలు విప్పి, మొండిభాగాన్ని సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వాలి. మేజోడు రోజూ ఉతకాలి. బెజవాడ ఎండలో చెమటకు చర్మం ఒరుసుకుని పుండు పడితే మనిషి మళ్ళీ మంచం పడతాడు. ఇప్పుడు షుగరు వ్యాధితో కాళ్ళు పోతున్నవారు ఎందరో. వాళ్ళు మిగిలిన పాదాన్ని ప్రతిరోజూ పరీక్షగా చూసుకోవాలి. కదలకపోతే ఒళ్ళు పెరుగుతుంది, భుజాలు, తుంటి బిగుసుకుపోతాయి. ఇంగ్లండులో డాక్టర్ గుట్‌మన్ వెన్నెముక దెబ్బతిన్నవారి చేత ఆటలాడించి, 1948లో పోటీలు కూడా పెట్టాడు. ఆయనకు ఆట కూడా మందే.

నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చునని షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. కాని మసీదుదాకా రావాలనుకునేవాడికి వజూఖానా దగ్గర పట్టుకోవడానికి ఒక ఇనుపగొట్టం, మెట్ల పక్కన ఒక వాలుదారి కావాలి. వచ్చే రంజాను లోపల మన మసీదు కమిటీలు ఈపాటి ఖర్చు పెట్టలేవా?