నాగార్జునకొండ: లాంచీ దిగి చూసే పలనాడు

మాచవరం బడి పిల్లల్ని నాగార్జునకొండకు తీసుకెళ్లాలనుకునే పంతులుగారు ముందుగా రెండు సంగతులు చూసుకోవాలి. ఎంచుకున్న రోజు శుక్రవారం కాకూడదు, కొండమీది మ్యూజియానికి ఆ రోజు సెలవు. వేసవి అసలే కాకూడదు. బస్సు పిడుగురాళ్ల, గురజాల దాటి రెంటచింతల మీదుగానే మాచర్ల చేరాలి, ఎండల కాలంలో రెంటచింతల పేరు పేపర్లలో ఎందుకొస్తుందో పలనాటివాళ్లకు చెప్పక్కర్లేదు. మాచర్ల తర్వాత విజయపురి సౌత్. అక్కడ టికెట్లు తీసుకుని, లైఫ్ జాకెట్లు తొడుక్కుని లాంచీ ఎక్కితే గంటలోపు కొండ వస్తుంది. దిగాక చూడ్డానికి ఇంచుమించు గంట. మళ్లీ లాంచీ. ఈ ప్రయాణం ఇలా కుదురుకోవడం వెనక ఒక లోయ మునిగిన కథ, ఒక కొండ దీవిగా మారిన కథ ఉన్నాయి.

లోయలో నీళ్లు నిలవక ముందు కూడా ఇది దూరదేశాలవాళ్లు వచ్చి దిగిన చోటే. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఈ లోయలో విజయపురిని రాజధాని చేసుకున్నారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అతని సోదరి చాంతిసిరి మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలబెట్టించింది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం మరీ విలువైనది. సింహళ భిక్షువుల కోసం చేసిన దానం గురించి చెబుతూ కాశ్మీర, గాంధార, చీనా వంటి దేశాల పేర్లను ప్రస్తావిస్తుంది. కంటకసేలలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించిన సంగతీ అందులోనే ఉంది. కంటకసేల అంటే ఇప్పటి కృష్ణా జిల్లా ఘంటసాల. తీరానికీ ఈ లోయకూ మధ్య రాకపోకలు ఎంత గట్టిగా ఉండేవో ఆ ఒక్క శాసనం చూస్తే చాలు.

ఇక్ష్వాకుల తర్వాత విజయపురి మట్టి కింద పడిపోయింది. పక్క కొండమీద మధ్యయుగంలో కోట లేచింది. కింద లోయలో పుల్లారెడ్డిగూడెం లాంటి పల్లెలు, చుట్టూ అడవిలో చెంచులు, లంబాడీలు. కృష్ణ దాటాలంటే పుట్టి ఎక్కాల్సిందే. వెదురుతో గుండ్రంగా అల్లిన ఆ పుట్టిలో కూర్చున్నవాడు తెడ్డు ఒక పక్కే వేస్తే అది తన చుట్టూ తాను తిరుగుతుంది, ముందుకు పోదు. నాగార్జునసాగర్ నీళ్లలో వల వేసేవాళ్లు నేటికీ పుట్టిని వదల్లేదు.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఇక్కడ ఒక పాత స్తంభాన్ని గమనించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. నాగార్జునకొండ చరిత్రలో ఒక బడిపంతులు పేరు మొదట రావడం నాకు చాలా గర్వంగా అనిపిస్తుంది. ప్రతి బడి యాత్రలోనూ పిల్లలకు ఆ పేరు చెప్పాలి. 1927 నుంచి 1931 వరకు పురావస్తు శాఖ తరఫున లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు, 1938లో టి.ఎన్. రామచంద్రన్ కొనసాగించారు. అప్పట్లో చూడ్డానికి వచ్చేవాళ్లకు రైలు మాచర్ల వరకే, ఆ తర్వాత అడవి దారి. రాత్రి బస ఏర్పాటు లేకుండా ఎవరూ బయలుదేరేవారు కారు.

సాగర్ ఆనకట్ట కడితే ఈ లోయంతా మునిగిపోతుందని తేలాక 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలై 1960 దాకా సాగాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికి లోయలో పార, గడ్డపారలతో కాలంతో పోటీ నడుస్తోంది. పాత రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగం కోట దాకా ఒకే లోయలో దొరికాయి. నాలుగు వైపులా రాతి మెట్లున్న రంగస్థలం, కృష్ణ ఒడ్డున స్నానఘట్టం, అశ్వమేధం తాలూకు కొలను బయటపడ్డాయి. అన్నిటినీ కాపాడటం కుదరదు. కొన్ని కట్టడాల రాళ్లు విప్పి కొండమీద తిరిగి పేర్చారు, కొన్నిటికి నమూనాలు చేశారు. రంగస్థలాన్ని, విశ్వవిద్యాలయంగా చెప్పే విహారాన్ని ఒడ్డునే ఉన్న అనుపులో నిలబెట్టారు. మిగిలినది నీటికి వదిలారు. లోయలో ఊళ్లు వదిలి వెళ్లినవాళ్ల పొలాలూ అలాగే పోయాయి. పులిచింతల ప్రాజెక్టు వెనక నీళ్లు ఒడ్డు ఊళ్ల దాకా వచ్చే మాచవరం మండలంలో ఆ బాధ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. కుడి కాలువ నీళ్లతో పలనాడు మెట్ట మాగాణి అయిన మాటా నిజమే. రెండూ కలిపి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే చెప్పినట్టు.

1966లో కొండమీద మ్యూజియం ఏర్పడింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అప్పటినుంచి కొండకు లాంచీ తప్ప దారి లేదు. ఇప్పుడు విజయపురి సౌత్‌లో తిరిగే లాంచీల్లో ఒకదాని పేరు శాంతిసిరి, అంటే మహాచైత్యపు చాంతిసిరే.

పడవ దిగి చూసే యాత్రను ఇంకోలా నడిపే చోటూ ఒకటుంది. అదే 1966లో లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ అనే యాత్రల నిర్వాహకుడు అర్జెంటీనా నౌకాదళపు ఓడలో తన మొదటి యాత్రికుల బృందాన్ని భూమికి అడుగున ఉన్న అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. ఓడ ఆగుతుంది, రబ్బరు పడవల్లో జనం ఒడ్డుకు దిగి పెంగ్విన్లను చూసి వస్తారు. యాత్రికులు పెరిగేకొద్దీ నిర్వాహకులే 1991లో ఒక సంఘం పెట్టుకుని కట్టుబాట్లు ఏర్పరచుకున్నారు. ఒక చోట ఒక్కసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదు. ఇరవైమందికి ఒక గైడు ఉండాలి. పెంగ్విన్‌కు అయిదు మీటర్ల దూరం పాటించాలి. అయిదు వందలమందికి మించిన ఓడ అయితే ఎవరినీ ఒడ్డుకు దించకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు ఒడ్డున ఉండాలన్న లెక్క అక్కడ చూడబోయే పక్షిని బట్టి తయారైంది. మన లాంచీ దిగినప్పుడు ఆ లెక్క తదుపరి లాంచీని బట్టి ఉంటుంది. నాకు నచ్చనిది ఇదే.

గంటలో ఏం చూడగలం? రేవు నుంచి పైకి నడవాలి, నీటిమట్టం తగ్గిన నెలల్లో ఆ నడక ఇంకా పెరుగుతుంది. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంది. అక్కడ ఆగి ఏది ఎక్కడుండేదో పోల్చుకోకపోతే తర్వాత చూసే రాళ్లు విడివిడి రాళ్లుగానే మిగులుతాయి. ఒక స్తంభంమీద గడ్డం, టోపీ, పొడవాటి చొక్కా, చేతిలో బల్లెంతో శక సైనికుడు నిలబడి ఉంటాడు. ఎక్కడో ఉత్తరాన చలిదేశపు దుస్తులు రెంటచింతల ఎండకు దగ్గర్లోని రాజధానిలో ఏం చేస్తున్నాయని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పే వ్యవధి ఉండాలి. ఇంకొకటి, ఆ శిల్పాల రాయి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి, పలనాటి రాయే. మన ఇళ్లలో పరిచే నాపరాళ్లు, పిడుగురాళ్ల బట్టీల్లో కాలే రాళ్లు పుట్టిన నేలదే అదీ. మాచవరం పిల్లవాడికి ఇంతకంటే దగ్గరి చుట్టరికం ఉన్న మ్యూజియం ఇంకోటి లేదు.

2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ టూరిజం కూడా అవతలి గట్టు నుంచి లాంచీలు నడపడం మొదలుపెట్టింది. ఒకే దీవికి రెండు రేవులు ఏర్పడ్డాయి. భద్రత విషయంలో అసలు మార్పు ప్రమాదాల తర్వాతే వచ్చింది. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో, పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడింది. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న రాయల్ వశిష్ట అనే పడవ మునిగితే ప్రాణాలతో బయటపడ్డది 26 మంది. దాని తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటక పడవలు ఆపేసి, తనిఖీలు చేసి, నాగార్జునసాగర్‌తో కలిపి తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. గాలి ఎక్కువగా ఉందని లాంచీ ఆపితే సిబ్బందితో వాదనకు దిగేవాళ్లను చూస్తుంటాం. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు ఆ మాట వినాలి, ఆ పూటకు అనుపు వెళ్లాలి. అక్కడికి రోడ్డు ఉంది, రంగస్థలం మెట్లమీద పిల్లల్ని కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పొచ్చు.

టూరిజంవాళ్లను అడగాల్సింది కూడా ఒకటుంది. బడి బృందాలకు పొద్దున మొదటి లాంచీలో వెళ్లి మధ్యాహ్నం చివరి లాంచీలో తిరిగి రావడానికి చెల్లే టికెట్టు ఇవ్వాలి. లాంచీ ఎక్కగానే లోయ కథ మొదలుపెట్టి, కొండ ఎక్కేలోపు వెంకటరామయ్యగారి దాకా వచ్చే గైడును ఒకరిని పెట్టాలి. పురావస్తు శాఖ, రెండు రాష్ట్రాల టూరిజంవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఇది ఈ కార్తీకంలోనే మొదలుపెట్టొచ్చు.