కారు ముందు అద్దంపై మంచు తొలగింపు

చలికాలంలో కారు ముందు అద్దానికి పట్టిన మంచును గీకి, కరిగించి లేదా తుడిచి దారి కనిపించేలా చేసే పని. నాందేడ్ జిల్లా భోకర్‌లో సాధారణంగా గీకుడు అవసరం పడదు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున భైంసా మీదుగా నిర్మల్ బయల్దేరేవారి తంటా అంతా తేమతోనూ పొగమంచుతోనూ. అయితే వారు వేసే వైపరు మాత్రం మంచు దేశంలో పుట్టిందే.

అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ న్యూయార్క్‌లో ట్రామ్ ఎక్కినప్పుడు, మంచు కురుస్తున్నా డ్రైవరు ముందు కిటికీ తెరిచే నడపడం గమనించింది. లోపలి మీటతో కదిలే రబ్బరు పట్టీని రూపొందించి 1903 నవంబరు 10న పేటెంటు పొందింది. కొనేవారు లేక గడువు తీరిపోయింది. 1922లో కాడిలాక్ తన కార్లన్నిటికీ వైపర్లు బిగించినా ఆమెకు పైసా రాలేదు.

గడ్డకట్టిన పొర వైపరుకు లొంగదు, పైగా రబ్బరు చిరుగుతుంది. అందుకే ఇంజను వేడిగాలిని అద్దం మీదికి ఊదే డీఫ్రాస్టర్ వచ్చింది. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లకు అది తప్పనిసరి. 1985లో ఫోర్డ్ యూరప్‌లో సన్నని తీగలు పొదిగిన, కరెంటుతో వేడెక్కే అద్దాన్ని తెచ్చింది.

మబ్బులేని రాత్రి అద్దం ఆకాశంలోకి వేడిని వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. అందువల్ల 2, 3 డిగ్రీలున్నా పొర గడ్డకట్టవచ్చు. తెలుగు నేలపై ఆ అవకాశం లంబసింగి వంటి మన్యం ఊళ్లలో ఉంది.

తెలుగువారికి అసలు పరీక్ష అమెరికాలోనే. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. గీకే పలక లేకపోతే పాత ఏటీఎం కార్డు పనికొస్తుంది గానీ, మరిగే నీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు. ఎడిసన్ వంటి తెలుగు స్థావరాలున్న న్యూజెర్సీలో వాహనంపై మంచు తీయకుండా రోడ్డెక్కితే జరిమానా వేసే చట్టం 2010 నుంచి ఉంది.

భోకర్ దారిలో ముందు చూసుకోవలసింది తేమ అద్దానికి ఏ వైపున ఉందన్నదే. లోపలైతే ఏసీ వేసి బయటి గాలి రానివ్వాలి. బయటైతే వైపరు చాలు. అప్పుడు చల్లని ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పితే అది ఇంకా మసకబారుతుంది. చేత్తో తుడిస్తే జిడ్డు మిగిలి ఎదుటి లారీ లైట్లు అద్దమంతా పరుచుకుంటాయి. అదీ ప్రమాదమే.