కూచిపూడి తపాలాబిళ్ల - మాచుపల్లె కైఫీయతు

1975 అక్టోబరు 20వ తేదీన భారత తపాలాశాఖవారు మన నృత్యములపై ఆఱు బిళ్లలు వెలువరించిరి. అందు రూపాయి యేఁబది పైసల బిళ్ల కూచిపూడిది. కృష్ణామండలమునందలి యొక గ్రామము పేరు దేశమంతటి యుత్తరములపైఁ బయనించుట యాంధ్రుల కెల్ల నానందకరము.

అయినను ఈ కళయొక్క చరిత్రము కృష్ణాతీరముననే ముగియదు. నంద్యాలనుండి ఆళ్లగడ్డమీఁదుగా దక్షిణమునకుఁ బోవు బాట కడపసీమఁ జేరును. ఆ సీమయందు, సిద్ధవటప్రాంతమునకుఁ జెందిన మాచుపల్లె కైఫీయతు కూచిపూడి భాగవతుల నుగ్గడించుచున్నది. సమ్మెట గురవరాజు ధనమునకై స్త్రీలను హింసించుటఁ గాంచి, భాగవతులు విజయనగరమున కేగి, ఆ దురంతమునే వీరనరసింహరాయల యెదుటఁ బ్రదర్శించిరనియు, రాయలు సైన్యమును బంపి వానిని దండించెననియు నందుఁ గలదు.

దీనికి 1502వ సంవత్సరమును జెప్పుట వాడుక. కాని నరసనాయకుఁడు 1503లో మరణించిన పిమ్మటఁ గాని వీరనరసింహున కధికారము రాలేదు. కావున నా కాలనిర్ణయము సరిపడదు. కైఫీయతులు మూఁడు శతాబ్దములకుఁ దరువాత మెకంజీ దొర సేకరింపించిన స్థానికచరిత్రము లనుటయు మఱవరాదు.

అంతమాత్రమున నీ వృత్తాంతమును ద్రోసివేయఁ దగదు. నిరంకుశుఁడైన హిరణ్యకశిపుని పతనమును దెలుపు ప్రహ్లాదకథ కూచిపూడివారి ప్రదర్శనములలో సుప్రసిద్ధము. ఆ కథకు స్థానమని ప్రతీతిగల అహోబిలము ఆళ్లగడ్డ చెంతనే యున్నది. దుష్టపాలకుని దోషమును రంగమున నిలుపు శక్తి భాగవతులకుఁ గలదని ఈ సీమవారు విశ్వసించిరి. తేదీ తప్పినను ఆ విశ్వాసము చరిత్రమే.

బిళ్లపై నున్నది నాట్యము. దాని వెనుక, ప్రజల మొఱను బ్రభువు చెవి నిడిన మేళమును విద్యార్థులకుఁ జూపుట పండితుల విధి.