చక్రమునందలి గాలి



నేటి నా ప్రసంగవిషయము గాలి. మనము పీల్చు గాలిని గూర్చి గాని, వానలు దెచ్చు గాలిని గూర్చి గాని నేను చెప్పబోవుట లేదు. మోటారుసైకిలు చక్రములో బంధింపబడిన గాలిని గూర్చి చెప్పనున్నాను. ఇంత చిన్న వస్తువునకు చరిత్ర యేమి యని మీరు శంకింపవచ్చును. నూటయెనుబది యేండ్ల చరిత్ర కలదు. అందు బుద్ధిమంతుల కృషి కలదు. లోకము యొక్క మరపు కలదు. అజాగ్రత్తవలన పోయిన ప్రాణములును కలవు. నేడు మోటారుసైకిలు కనబడని వీధి మన గ్రామములలో అరుదు. దానిపై తిరుగువారు మన బిడ్డలు, మన మనుమలు. కావున ఈ చరిత్ర మనకును చెందినదే.

పూర్వపు బండిచక్రమును మీరెల్లరు నెరుగుదురు. కుండ, ఆకులు, పూటీలు, వాని చుట్టును కాల్చి యెక్కించిన ఇనుప పట్టా. ఆ పట్టాకు రాయి తగిలినచో ఆ దెబ్బ ఇరుసునకును, ఇరుసునుండి బండివాని వెన్నునకును ప్రాకెడిది. ఎద్దుల బలములో కొంతభాగము బండిని ముందునకు లాగుటకు గాక, అడ్డువచ్చిన ప్రతి రాతిమీదికిని బండిని ఎత్తుటకే వ్యయమగుచుండెడిది. తరువాత టైరుబండ్లు వచ్చినవి. అవే యెద్దులు, అదే బాట. అయినను బరువు హెచ్చు, ఆయాసము తక్కువ. ఈ మేలు రబ్బరువలన కలిగినదని పలువురు తలంతురు. రబ్బరు సంచి మాత్రమే. బరువు మోయునది ఆ సంచిలోని గాలి. ఈ యొక్క మాట మనసున నుంచుకొన్నచో నేను చెప్పబోవునదంతయు సులభముగా బోధపడును.

ఈ మర్మమును గ్రహించి మొట్టమొదట హక్కుపత్రము పొందినవాడు స్కాట్లండు దేశస్థుడగు రాబర్టు విలియం థామ్సను. 1845 డిసెంబరులో అతడు గాలిచక్రమునకు పేటెంటు పొందెను. అప్పటికతని ప్రాయము ఇరువదిమూడేండ్లు. అంతకు కొలదికాలము క్రిందట, 1839లో, అమెరికాలో చార్లెసు గుడ్‌ఇయరు అనునతడు రబ్బరును గంధకముతో కలిపి కాచి దృఢపరచు విధము కనుగొనెను. అంతకు మునుపు రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసై యెందులకును కొరగాకుండెడిది. థామ్సను ఆ దృఢమైన రబ్బరుతో గొట్టము చేసి, పైన తోలు తొడిగి, లోపల గాలి నింపి, గుఱ్ఱపుబండి చక్రములకు బిగించెను. 1847లో లండనునందలి రీజెంట్సు పార్కున ఆ బండిని నడపి జనులకు చూపెను. ఇనుప పట్టా చేయు రొద లేక బండి సాగుట చూచి వారు విస్మయమందిరి. అట్టి చక్రములు 1,200 మైళ్లు నడచియు చెడలేదు. అయినను పలుచని రబ్బరు దొరకుట దుర్లభముగను, వెల హెచ్చుగను ఉండెను. నేటి సైకిలు నాటికి పుట్టలేదు. మోటారుబండి ఊహలో లేదు. కొనువారు లేక ఆ మంచి వస్తువు మూలబడెను. నలువదేండ్లు లోకము దానిని మరచెను.

దానిని తిరిగి కనుగొన్నవాడు జాన్ బాయిడ్ డన్లపు. ఇతడును స్కాట్లండువాడే, ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడు. ఇతని చిన్న కుమారునికి మూడుచక్రముల సైకిలు గలదు. రాళ్లు పరచిన వీధులలో దానిని నడపుట బాలునికి బాధాకరముగ నుండెను. 1887లో తండ్రి పలుచని రబ్బరురేకుతో గొట్టము చేసి, గుడ్డతో చుట్టి, కాలిబంతికి గాలి కొట్టు పంపుతో దానిని నింపెను. కొయ్యచక్రమునకు దానిని చుట్టి, పెరటిలో నేలపై దొర్లించెను. ప్రక్కనే సైకిలు పాతచక్రమును దొర్లించెను. పాతది నడుమనే కూలెను. గాలిచక్రము పెరడు దాటిపోయి గుమ్మపు స్తంభమునకు కొట్టుకొని వెనుకకు మరలెను. పశువైద్యునికి అంతకంటె నిదర్శన మక్కరలేకపోయెను. 1888లో అతడు పేటెంటు పొందెను. 1889 మే నెలలో బెల్‌ఫాస్టు పందెములలో విల్లీ హ్యూము అను సైకిలుస్వారి ఈ టైర్లతో గెలుపొందగా వాని పేరు దేశమంతట ప్రాకెను. కాని కొలదికాలమునకే థామ్సను పాతపత్రము బయటపడుటచే డన్లపు హక్కు చెల్లదని తేలెను. ఒకే సత్యము ఇరువురకు వేర్వేరుగా స్ఫురించినదన్నమాట.

ఆనాటి టైరును చక్రమునకు జిగురుతో అంటించెడివారు. గాలి పోయినచో దానిని ఊడబెరికి, బాగుచేసి, మరల అంటించి, రాత్రియంతయు ఆరనీయవలసియుండెను. ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు ఈ యిక్కట్టును జూచి, చక్రమునుండి తీసి తొడుగుటకు వీలగు టైరును 1891లో సిద్ధపరచిరి. ఆ యేడే షార్ల్ టెరాన్ అనునతడు ఆ టైర్లతో పారిసునుండి బ్రెస్టునకు పోయి మరలి వచ్చు 1,200 కిలోమీటర్ల సైకిలు పందెమున గెలిచెను. 1893లో అమెరికాలో ఆగస్టు ష్రేడరు గాలిని లోనికి పోనిచ్చి వెలికి రానీయని వాల్వునకు పేటెంటు పొందెను. మన మోటారుసైకిలు చక్రమున మూత విప్పిన కనబడు చిన్న గొట్టము ఆ ష్రేడరు వాల్వు సంతతిదే.

ఇక మోటారుసైకిలు మాట. 1885లో జర్మనీలో డైమ్లరు, మేబాకు అనువారు చేసిన మొదటి పెట్రోలు ద్విచక్రవాహనమునకు కొయ్యచక్రములు, ఇనుప పట్టాలు ఉండెను. అనగా అది మన యెద్దులబండి చక్రమునకు చుట్టమే. 1894లో మ్యూనిచ్ నగరమున హిల్డెబ్రాండు, వోల్ఫ్‌ముల్లరు అనువారు విరివిగా చేసి యమ్మిన మోటారుసైకిలునకు గాలిటైర్లు వచ్చినవి. యంత్రము, గాలి జతకూడిన తరువాతనే ఈ వాహనము మనుష్యునికి నిజముగా ఉపయోగపడెను.

మన దేశమున హుగ్లీ తీరమందలి సాహాగంజిలో 1936లో డన్లపు పేర టైర్ల కర్మాగారము వెలసెను. 1946లో మద్రాసు ప్రక్కనున్న తిరువొత్తియూరులో పిల్లలాడుకొను బుడగలు చేయుటకు ఆరంభమైన చిన్న పరిశ్రమ క్రమముగ పెరిగి, ఎం.ఆర్.ఎఫ్. అను పెద్ద టైర్ల సంస్థ అయినది. తెలంగాణమందలి సదాశివపేటలోను దాని కర్మాగారము కలదు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు సంస్థ యేర్పడి బుల్లెట్టు బండ్లను సిద్ధపరుప నారంభించెను. ఆ మీద ఎన్నియో కంపెనీలు, ఎన్నియో బండ్లు వచ్చినవి. మారనిది ఒక్కటే: రెండు చక్రములలోని గాలిపైననే మనిషి ప్రాణము నడచుచున్నది.

గాలి బరువు నెట్లు మోయునో చిన్న లెక్కతో చెప్పెదను. వెనుకచక్రముపై పడు బరువు 330 పౌనులు, అనగా రమారమి 150 కిలోలు అనుకొనుడు. టైరులో చదరపు అంగుళమునకు 33 పౌనుల ఒత్తిడి యున్నచో, ఆ బరువు మోయుటకు సుమారు పది చదరపు అంగుళముల టైరు నేలను తాకవలెను. ఒత్తిడి 22 పౌనులకు దిగినచో పదునైదు అంగుళములు తాకవలెను. రబ్బరు గట్టిదనము కూడ కొంత మోయును గనుక ఈ లెక్క స్థూలమైనది, అయినను తత్త్వమిదియే. గాలి తగ్గినకొలది టైరు నేలపై పరచుకొనును, ప్రక్కలు వంగును. గాలి మితిమీరినచో టైరు బిగిసి, నడిమిభాగముతోనే నేలను తాకును.

కావున టైరు అరిగిన తీరు, బండి నడపిన తీరునకు చిట్టా వంటిది. పంచరు దుకాణములముందు తీసి పడవేసిన పాతటైర్లను నేను పలుమారులు పరిశీలించితిని. రెండు ప్రక్కలు అరిగి నడుమ మిగిలియున్నచో అది గాలి చాలక నడచిన టైరని సాధారణముగా ఊహింపవచ్చును. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువైనదని అనుమానింపవలెను. అయితే మోటారుసైకిలు టైరు కారుటైరువలె చదునుగాక గుండ్రముగ నుండును. తిన్నని రహదారిపై దీర్ఘకాలము తిరిగిన బండి వెనుకటైరు, గాలి సరిగా నున్నను, నడుమ చదునగును. కావున చిట్టాను చదువుటకు కొంత వివేకమును కావలెను.

ముందుటైరుపై ఎగుడుదిగుడుగా, గుంటలు పెట్టినట్లు అరుగుదల కనబడినచో గాలి తక్కువయై యుండవచ్చును. షాకబ్సార్బర్లు బలహీనమై గాని, బేరింగులు వదులై గాని యుండవచ్చును. ఒకప్రక్క మాత్రమే అరుగుట మరియొక వింత. మనవలె ఎడమప్రక్కన నడచు దేశములలో టైరు కుడివైపు హెచ్చుగ అరుగుట కలదు. కుడిప్రక్కన నడచు అమెరికాలో ఎడమవైపు అరుగును. దీనికి అనుభవజ్ఞులు రెండు కారణములు చెప్పుదురు. నీరు పోవుటకై బాటను నడుమ ఎత్తుగ, అంచులు పల్లముగ వేయుదురు. నిలువుగా పోవు చక్రమునకు ఆ వాలుపై కుడిభాగమే ముందు తగులును. మరియు ఎడమన నడచువాడు కుడికి మరలునపుడు చుట్టు పెద్దది, ఎడమకు మరలునపుడు చిన్నది. ఈ రెండింటిలో ఏది ముఖ్యమన్న వాదము నేటికిని తీరలేదు. దీనికి భయపడనక్కరలేదు. గాడుల అడుగున చిన్న దిమ్మలు ఉండును. టైరు ఏ భాగమున గాని వానితో సమముగ అరిగినచో దాని ఆయువు తీరినదే.

అరుగుదల కంటె ఘోరమైనది వేడి. ఒక ఇనుప తీగను మాటిమాటికి వంచి చూడుడు, వంగినచోట కాలును. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునందును అట్లే వంగుచు, వేడెక్కుచు, లోపలి పొరలు విడివడి ఒక్కసారిగ చీలవచ్చును. ట్యూబు గల చక్రమైనచో టైరు జారి వాల్వు మూలము తెగుటయు కలదు. ఇది పెద్ద దేశములును అనుభవించిన సత్యము. 2000వ సంవత్సరము ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోను సంస్థ 65 లక్షల టైర్లను వెనుకకు పిలువవలసి వచ్చెను. ఆ టైర్ల పొరలు విడి బండ్లు దొర్లిన ప్రమాదములలో ఆ దేశమున రెండువందలమందికి పైగా మరణించిరి. టెక్సాసు, ఆరిజోనా మున్నగు వేడిప్రాంతములలో ఈ ప్రమాదములు హెచ్చు. టైర్ల నిర్మాణలోపమా, బండి నిర్మాణలోపమా యని ఉభయ సంస్థలు వాదించుకొనెను. ఆ వాదములో గాలి మాట ముఖ్యమైనది. ఫోర్డు సంస్థ ఆ బండ్లకు 26 పౌనులు చాలునని చెప్పియుండగా, 30 ఉండవలసినదని టైర్లవారు అనిరి. నాలుగు పౌనుల భేదముపై రెండు మహాసంస్థలు పోరాడెను. ఆ యేడే అమెరికా శాసనసభ చట్టము చేసెను. దానివలన 2007 సెప్టెంబరు మొదలు అచ్చటి క్రొత్తకార్లన్నిట టైరులో గాలి తగ్గినచో హెచ్చరించు పరికరము తప్పనిసరి యయ్యెను.

మన పల్లెలలోని చిన్న మోటారుసైకిళ్లలో అట్టి పరికరము సాధారణముగ లేదు. ఆ పరికరము స్థానమున మనమే యుండవలెను. దుకాణమున గాలి కొట్టు కుర్రవాడు "ఎంత పెట్టమందురు?" అని యడుగును. మన యువకుడు "గట్టిగా పెట్టు" అనును. గట్టి యనునది కొలత గాదు. ఎంత కావలెనో బండివెంట ఇచ్చిన పుస్తకమున వ్రాసియుండును. పెక్కు బండ్లకు గొలుసు కప్పుపైనను చీటి అంటించి యుండును. చిన్న బండ్లలో పలువానికి ముందు 25, వెనుక ఒక్కడే ఎక్కినచో 28 ప్రాంతమున నుండును. ఇద్దరెక్కినచో వెనుకకు ఇంకను హెచ్చు కావలెను. ఏ బండికి ఆ బండి లెక్కయే ప్రమాణము. పాలక్యానులు, ధాన్యపు మూటలు కట్టినపుడు వానిని కూడ బరువుగ ఎంచవలెను. మువ్వురెక్కుటకు తగిన గాలి యింత యని యే పుస్తకమును చెప్పదు, చట్టమును ఒప్పదు.

బండి నడువకముందు, ఉదయమున చల్లగా నున్నపుడు గాలి చూపుట మేలు. పది డిగ్రీలు వేడెక్కినచో ఒత్తిడి ఒకటి రెండు పౌనులు తనంత తానే పెరుగును. నడచి వచ్చిన టైరున అంకె హెచ్చుగా కనబడినదని గాలి వదలివేయుట తప్పు. చల్లారిన పిమ్మట అది తక్కువగును. ముల్లు గ్రుచ్చుకొనకున్నను గాలి మెల్లమెల్లగ తగ్గుచునే యుండును గావున పక్షమున కొకసారి చూపుట మంచిది.

పెద్దలారా, పూర్వము బండి కట్టకముందు ఇరుసుకు కందెన వేసితివా యని మీరు పాలేరు నడిగెడివారు. అందులకు మీరు వడ్రంగము నేర్చియుండలేదు. బండిపై బాధ్యత యున్నది గనుక అడిగితిరి. నేడు బండి మారినది గాని బాధ్యత మారలేదు. వానకాలపు సాయంకాలమున తడిబాటపై, వెనుక చెల్లెలినో తల్లినో కూర్చుండబెట్టుకొని పోవు కుర్రవానికి, అరిగిన టైరు, చాలని గాలి ఏమి చేయునో మీరు ఊహింపగలరు. వాడు బయలుదేరు నపుడు "గాలి చూపితివా, ఎంత యున్నది?" అని ఒక్కమాట అడుగుడు. వాడు అంకె చెప్పలేకున్నచో, పోయి చూపించుకొని రమ్మనుడు. దుకాణమునకు పోయి వచ్చుటకు పట్టు కాలము స్వల్పము.