గుత్తి కోట: జామగి నుంచి చకుముకి దాకా

ఈనాటి సెమీ ఆటోమేటిక్ పిస్తోలును నమ్మాలా వద్దా అన్నది చాలావరకు ఒక స్ప్రింగు చేతిలో ఉంటుంది. గుండు పేలిన ఊపుకి పైనున్న స్లైడు వెనక్కి పోతూ ఖాళీ షెల్‌ను విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని ముందుకు నెట్టి కొత్త తూటా ఎక్కిస్తుంది. స్ప్రింగు మరీ బిగువైతే ఖాళీ షెల్ ఇరుక్కుంటుంది, వదులైతే తూటా సరిగా ఎక్కదు.

ఈ పేచీ పాతదే. 18వ శతాబ్దంలో దక్కను సిపాయిల చేతుల్లో రెండు రకాల తుపాకులు ఉండేవి. జామగి తుపాకీలో మీట నొక్కితే నిప్పంటించిన ఒత్తి వంగి రంజకపు (ముట్టించే మందు) గిన్నెను తాకేది. అంతే, గట్టి స్ప్రింగుతో పనే లేదు. చకుముకి తుపాకీకి మాత్రం మూడు స్ప్రింగులు. పెద్దది, చిమటా ఆకారంలో వంచిన ఉక్కు పట్టీ, చకుముకి రాయి పట్టిన ‘గుర్రం’ అనే సుత్తిని విసురుతుంది. చిన్నది మీట దగ్గర గుర్రాన్ని ఆపి ఉంచుతుంది. మూడోది, రాయి తగిలి రవ్వలు రాల్చే గిన్నె మూతను అదిమిపెడుతుంది. మూడోది మరీ గట్టిదైతే మూత తెరుచుకోక రవ్వ రంజకంలో పడదు. పెద్దది మరీ గట్టిదైతే రాయి పగులుతుంది. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ నీలిరంగు తేలేదాకా వేడిచేసేవాడు. ఆ రంగు తప్పితే పట్టీ విరగనన్నా విరుగుతుంది, వంగి ఉండిపోనన్నా పోతుంది.

జామగికి శత్రువు వాన. గుత్తి ఉన్న అనంతపురం మెట్టలో ఆ భయం ఎన్నాళ్లుంటుంది కనుక! ఇక్కడివాళ్లకు పాత తుపాకీయే మేలనిపించి ఉంటే తప్పు పట్టలేం.

కానీ ఆ నీటి కరువే 1776లో గుత్తిని ముంచింది. గుత్తి పాలకుడు మురారిరావు ఘోర్పడే కొండమీది కోటను మైసూరు పాలకుడు హైదర్ అలీ ముట్టడించాడు. కోటకు ఆధారం రాతిలో తొలిచిన తొట్ల నీళ్లే. సంధి మాటలు సాగుతుండగా నీళ్లు మూడు రోజులకే ఉన్నాయన్న సంగతి హైదర్ శిబిరంలో పొక్కిందని మార్క్ విల్క్స్ తన మైసూరు చరిత్రలో రాశాడు. ఇక హైదర్ తొందరపడలేదు, బేరం సాగదీశాడు. మురారిరావు లొంగిపోయి, కబ్బాళదుర్గం చెరలో చనిపోయాడు.